స్ఫటికంలో నిండు చెరువు

మా ప్రయోగశాలలో ఎండాకాలం ఫ్యాను వేయకూడదు. అనంతపురం ఎండలు ఎరిగినవాళ్లకు ఈ ఒక్క మాట చాలు, అక్కడ నా పరిశోధన ఎలా సాగిందో ఊహించుకోవడానికి. కిటికీలకు నల్లగుడ్డ, తలుపు కింద సందులో మడిచి దోపిన గోనెసంచి, తల మీద కదలని ఫ్యాను, గది నడుమ ఒక పెద్ద బండ. ఆ బండ మీద చిన్నచిన్న అద్దాలు, వాటి మధ్య గీత గీసినట్టు సాగే ఆకుపచ్చ లేజరు వెలుగు. చెమట కళ్లలోకి దిగుతున్నా తుడుచుకోకుండా నేనూ మా సారూ చెరొక మూలన గోడకు ఆనుకుని నిలబడేవాళ్లం. చెయ్యెత్తితే గాలి కదులుతుందని భయం.

నేను ఎమ్మెస్సీ ముగించి ఆయన దగ్గర చేరిన రోజుల్లో సీడీలు ఇంకా కొత్త. పిల్లలు పగిలిన సీడీలను సైకిలు చక్రాలకు కట్టుకుని మెరిపించుకుంటూ తిరిగేవాళ్లు. మొదటిరోజు సారు అలాంటి ఒక సీడీని చేతికిచ్చి, వెలుగులో తిప్పి చూడమన్నారు.

"దీంట్లో రాత పైపైనే ఉంటాదమ్మా, చేతి మీద పచ్చబొట్టు మాదిరి. మనం లోపల రాయాల. కండలో, ఎముకలో, అంతటా" అన్నారు.

ఆ తర్వాత బీరువా తెరిచి, దూదిలో చుట్టిన ఒక పలుకు చూపించారు. కలకండ ముక్కంత స్ఫటికం. అందులో రవ్వంత ఇనుము కలిపి చేస్తారట, అందుకే ఎర్రమన్ను తేరుకున్న నీళ్ల రంగులో ఉంది. ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకుంటే వచ్చిన వస్తువది. నేను పట్టుకోబోతే ఆయన నవ్వుతూనే నా చెయ్యి పక్కకు జరిపారు. "ముందు దీన్ని కూర్చోబెట్టనీకి కదలని చోటు చేద్దాం" అన్నారు.

కదలని చోటు చేయడానికే చాలా నెలలు పట్టింది. పెద్ద సంస్థల్లో దానికి ప్రత్యేకమైన బల్లలుంటాయి. మాకు లేవు. బస్టాండు దగ్గర టైర్ల అంగట్లో పాత లారీ ట్యూబులు తెచ్చి, కొంచెం కొంచెం గాలి కొట్టి నేల మీద పరిచాం. వాటి మీద ఇసుక పెట్టె, ఇసుక మీద తాడిపత్రి నుంచి తెప్పించిన బండ. బండను లోపలికి తేవడానికి తలుపు రెక్కలు ఊడబెరకాల్సి వచ్చింది. ఎనిమిదిమంది మోశారు. తెచ్చి దించాక ఒకాయన చెమట తుడుచుకుంటూ, "దీని మీద ఏం రుబ్బుతారు సార్?" అని అడిగాడు. "వెలుతురు" అన్నారు సారు. అతను మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి వెళ్లిపోయాడు.

కిటికీలకు నల్లగుడ్డ మా నాయన తెచ్చాడు. నాయనకు గోరంట్లలో బట్టల అంగడి. నేను ఫోన్ చేసి తానుకు తాను నల్లగుడ్డ కావాలని చెప్పాను.

"అంత నల్లగుడ్డ ఒకే ఇంటికి ఎవురూ కొనరు పాపా. యాడికి, దేనికి?"

"కిటికీలకు నాయనా. చీకటి కావాల."

"చీకటి కావాలంటే రాత్రి కాదా?"

అంటూనే మర్నాడు తాను భుజాన వేసుకుని బస్సు దిగాడు. గదిలోకి వచ్చి, బండనూ అద్దాలనూ చూసి, కుర్చీ అంచున కూర్చున్నాడు. సారు టీ తెప్పించారు. నాయన మొహమాటపడుతూ అడిగాడు:

"మా పాప ఏం చదువుతాందని ఊర్లో అడుగుతాండారు సార్. వెలుతురు చదువు అని చెప్పినా. కరెంటు ఆఫీసులో ఉద్యోగమా అంటాండారు."

సారు పెద్దగా నవ్వి, టీ గ్లాసు పక్కన పెట్టి, రెండు చేతులూ చాచారు. ఆయన ఏది చెప్పినా చేతులతోనే చెప్పేవారు.

"చూడన్నా. ఒక వెలుతురును రెండుగా చీలుస్తాం. ఒకదాన్ని బొమ్మ మీదుగా పంపిస్తాం. ఇంగొకదాన్ని ఉత్తగా పంపిస్తాం. రెండూ ఈ పలుకు లోపల కలుసుకుంటాయి. కలిసిన చోట సన్నసన్న చారలు పడి నిలిచిపోతాయి. రేపు ఆ బొమ్మ తీసి పారేసినా సరే, ఉత్త వెలుతురును అదే పక్క నుంచి పంపిస్తే, లోపలుండే చారలకు తగిలి బొమ్మ మళ్లా బయటికొస్తాది."

"బొమ్మ లేకుండానే?"

"లేకుండానే. పలుకును రవ్వంత తిప్పి ఇంగో బొమ్మ దాచచ్చు. మళ్లా తిప్పి ఇంగోటి. అన్నీ ఆ ఒక్క చోటే ఉంటాయి. ఎంత తిప్పినప్పుడు ఏది దాచినామో, అంతే తిప్పితే అదే వస్తాది."

నాయన గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు. "మా అంగట్లో బీరువా మాదిరి కదా సార్. లోపల ఎన్ని చీరలున్నా, ఏ మడత లాగితే ఆ చీరే వస్తాది."

"అంతే" అన్నారు సారు, తాను చెప్పినదానికన్నా అదే బాగుందన్నట్టు.

ఆ రోజు సాయంత్రం నాయన ఊరికి పోతూ బస్సు కిటికీలోంచి, "మీ సారు మంచోడు పాపా. మడత పడకుండా చెబుతాడు" అన్నాడు. బట్టల వ్యాపారికి అంతకన్నా పెద్ద మెప్పు లేదు.

పని మొదలుపెట్టాక తెలిసింది అసలు కష్టం. ఆ చారలు వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు సన్నం. అవి పడుతున్న కొన్ని నిమిషాల్లో అద్దం ఏ మాత్రం అదిరినా ఒకదాని మీద ఒకటి పూసుకుపోతాయి. వరండాలో చెప్పులు టపటపలాడిస్తూ ఎవరైనా పోతే, ఆ పూట పని పోయినట్టే. తలుపు మీద 'దయచేసి నిదానంగా నడవండి' అని రాసిపెడితే, దాన్ని చదవడానికి ఆగినవాళ్లు గట్టిగా చదివి నవ్వుకునేవాళ్లు. అయినా ఓపిక పట్టాం. నలుపు తెలుపు గళ్లున్న చిన్న ఫిల్ము ముక్కలు మా పేజీలు. నల్లగడి సున్న, తెల్లగడి ఒకటి. కంప్యూటర్లో ఏ సంగతైనా చివరికి ఈ రెండే కాబట్టి, గళ్లు చెదరకుండా తిరిగివస్తే ఏదైనా దాచగలిగినట్టే. మాకు మాత్రం గళ్లు రాలేదు. పొగలాంటి మచ్చ ఒకటి వచ్చేది, అంతే.

అంతలో గోడ అవతల బోరు బండి దిగింది.

మా గది వెనక కాలేజీ గోడ, గోడ అవతల ఒక శెనక్కాయ చేను. అది ఒక పెద్దమ్మది. భర్త పోయాక సేద్యం తానే చూసుకునేది. యాభై దాటిన మనిషి, గట్టి గొంతు. గోడ మీద చేతులానించి నిలబడి మాతో మాట్లాడుతుండేది. ఆ ఏడు విత్తనం వేసిన తర్వాత వాన మొహం చాటేసింది. చెట్లు జానెడు లేచి అట్లాగే వాడిపోయాయి. ఇక బోరు తప్ప దారి లేదని పాయింటు పెట్టించింది. పొద్దున్నే మొదలైన రిగ్గు చప్పుడు చెవులకన్నా ముందు అరికాళ్లకు తెలిసేది. బండ మీద పెట్టిన గ్లాసులో నీళ్లు సన్నగా వణికేవి.

రెండోరోజు నేను ఉండబట్టలేక గోడ దగ్గరికి పోయాను.

"పెద్దమ్మా, ఇంగ ఎంతసేపు తవ్వుతారు?"

"నీళ్లు పడేదాకా పాపా. ఏం, చెవులు నొస్తాండాయా?"

"చెవులు కాదు. లోపల మేము ఒక పని చేస్తాండాం. నేల అదిరితే అది చెడిపోతాది."

ఆమె నన్ను వింతగా చూసింది. కోపం లేదు, ఎగతాళి లేదు. "నేల అదరకుండా నీళ్లెట్ల పడతాయి పాపా?" అంది.

తిరిగివచ్చి సారుకు చెబితే ఆయన నన్నే మందలించారు. "ఇంగోసారి పోయి అడగొద్దమ్మా. ఆమెకు చెప్పదగిన మాట మన దగ్గర లేదు" అన్నారు. అంతే, లేజరు ఆపేసి, మడత కుర్చీలో కూర్చుని పేపరు చదువుకున్నారు.

మరుసటి రోజు మధ్యాహ్నం చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. మొదట ఇంజను చెడిందేమో అనుకున్నాం. బయటికొచ్చి చూస్తే రిగ్గువాళ్లు రాడ్లు పైకి తీస్తున్నారు. ఎంత లోతు పోయినా తెల్లటి దుమ్ము తప్ప తడి రాలేదట. సాయంత్రానికి బండి వెళ్లిపోయింది. పెద్దమ్మ ఆ రాతిపొడి కుప్ప పక్కన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున ఆ చుట్టుపక్కల ఎక్కడా చప్పుడు లేదు. అంత నిశ్శబ్దం మాకు అంతవరకూ దొరకలేదు. గళ్ల పేజీ ఒకటి పెట్టాం, ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. తర్వాత బొమ్మ దారిని అట్టముక్కతో మూసి, ఉత్త వెలుగు ఒక్కటే స్ఫటికంలోకి పంపాం. అవతలి పక్క పెట్టిన తెల్లకాగితం మీద గళ్లు వచ్చాయి. ఒక్కొక్క గడీ ముగ్గుపిండితో గీసినట్టు స్పష్టంగా. సారు కాగితం మీదికి వంగి చాలాసేపు లేవలేదు. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను, అరుస్తానేమోనని.

సంతోషమే. కానీ కిటికీ గుడ్డ తొలగించగానే ఆ దుమ్ము కుప్ప కనిపించింది. మాకు ఆ నిశ్శబ్దం ఎక్కడినుంచి వచ్చిందో ఇద్దరికీ తెలుసు. ఆ రోజు మిఠాయి తెప్పించుకుందామన్న మాట ఎవరి నోటా రాలేదు.

ఆ వారమంతా వరసగా పేజీలు దాచాం. స్ఫటికాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ ఒకదాని వెంట ఒకటి. గళ్లు అయ్యాక సారు తన సంచీలోంచి ఒక ఫిల్ము ముక్క తీశారు. ఆయనది బుక్కరాయసముద్రం. ఆయన కుర్రతనంలో ఒక మంచి వానల ఏడు అక్కడి చెరువు నిండి మరవ పారితే, అదే అలుగు దూకితే, అరువు కెమెరాతో తీసిన ఫోటో అది. గట్టు మీద జనం, గొడుగులు, మరవ మీద నురగలు కక్కుతూ దూకే నీళ్లు. దాన్ని టౌన్లో స్టూడియోలో ఇచ్చి చిన్న ఫిల్ముగా చేయించారట.

"గళ్లు చూసి మనం మురిసిపోతాం. వేరేవాళ్లకు చూపించనీకి ఒకటి ఉండాల కదా" అన్నారు.

చెరువును కూడా దాచాం. తీసి చూస్తే గళ్లకన్నా బాగా వచ్చింది. నీళ్లూ జనమూ ఆకాశమూ అన్నీ ఆకుపచ్చగా, చీకటి గదిలో వెలిగిపోతూ.

మొట్టమొదట ఆయన పిలిచింది పెద్దమ్మను. బోరు ఎండిన మనిషికి పొంగే చెరువును చూపించడం ఏమిటి? ఆ మాట అనేలోపే ఆయన గోడ దగ్గర నిలబడి, "రామ్మా, ఒకటి చూద్దువు రా" అంటున్నారు. ఆమె చెప్పులు బయట విడిచి, చీకట్లో తడుముకుంటూ లోపలికి వచ్చింది. నేను చెయ్యి పట్టుకుని కాగితం ముందు నిలబెట్టాను.

కాగితాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. తర్వాత ముందుకు వంగింది.

"ఇది బుక్కరాయసముద్రం మరవ కాదా?"

"అవునమ్మా" అన్నారు సారు.

"నేనుండా ఆ పొద్దు! ఈడ్నే, ఈ గట్టు మీదే. పెండ్లయిన కొత్త. మా ఆయన చేపలు పడతానని దిగి పంచె పోగొట్టుకున్యాడు. నీళ్లల్లో కొట్టుకపోయింది. తువ్వాల కట్టుకుని ఇంటికొచ్చినాడు సామీ, ఊరంతా చూసినారు!"

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు అదిరేలా నవ్వింది. నేను భయపడినట్టు ఏమీ జరగలేదు. నవ్వు ఆగాక బొమ్మలోని జనంలో ఒక్కొక్కరినే వెతికింది. మొహాలు చీమతలకాయలంత ఉన్నాయి, గుర్తుపట్టడం సాధ్యం కాదు. అయినా వెతికింది.

"ఫోటో యాడుండాది సామీ?"

"ఫోటో లేదమ్మా. తీసి పెట్టేసినాం. ఇదంతా ఈ పలుకులోంచి వస్తాండాది."

ఆమె స్ఫటికాన్ని చూసింది, కాగితాన్ని చూసింది. "ఇంత పలుకులో అంత చెరువా! రైతు మాత్రం యాడ దాచుకోవాల్నో తెలియక, వచ్చిన నీళ్లు వచ్చినట్టే వదిలేస్తాండాడు" అంది.

ఆ మాట నాతో చాలా ఏళ్లు ఉండిపోయింది.

మర్నాడు ఆమె చెల్లెలినీ, ఇద్దరు కూలి ఆడవాళ్లనూ వెంటబెట్టుకుని వచ్చింది. తర్వాత క్యాంటీను ఆయన వచ్చాడు. తెలుగు శాఖలో లెక్చరర్లు వచ్చారు. బుక్కరాయసముద్రం నుంచి సారు చుట్టాలు ఆటోలో వచ్చారు. కరువు ఏడు కదా, నిండిన చెరువును చూడాలని ఎవరికుండదు? ఒక ముసలాయన కర్ర ఊతంగా వచ్చి, నీళ్లు తుమ్మచెట్ల దాకా ఎక్కాయా లేదా అని కాగితానికి ముక్కు ఆనించి చూశాడు. ఎక్కాయని తేల్చుకున్నాక, "అయితే ఆ ఏడే. రెండుకార్లు, రెండు పంటలూ వరే పండింది" అని తనలో తాను లెక్క సరిచూసుకున్నాడు. సారు ఎవరినీ కాదనలేదు. ప్రతి ఒక్కరికీ మొదటిసారి చూపిస్తున్నంత ఉత్సాహంగా చూపించేవారు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా స్ఫటికంలో రాసే వెలుగే చదివే వెలుగు కూడా. చదవడానికి పంపిన ప్రతిసారీ అది లోపలి చారలను కొంచెం కొంచెం కరిగిస్తుంది. ఒకటి రెండుసార్లకు తెలియదు. పదేపదే చూపిస్తే బొమ్మ పలచబడుతుంది. చెరువు ఒక్కటే కాదు, అదే చోట దాచిన గళ్ల పేజీలు కూడా. ఇలా చెరగకుండా స్ఫటికాన్ని వేడిచేసి గట్టిపరిచే పద్ధతి ఉంది. దానికి తగిన పొయ్యి మా దగ్గర లేదు.

ఒకరోజు చూసినవాళ్లంతా వెళ్లాక సారుతో అన్నాను.

"సార్, గట్టు మీద జనం కనిపించడం లేదు. నీళ్లు కూడా పలచనైపోతాండాయి."

"తెలుసమ్మా."

"ఇంగ చూపించడం ఆపుదాం సార్. బెంగళూరు నుంచి ఆయనొచ్చే పొద్దు దగ్గరికొచ్చింది."

"ఎవురినీ చూడనీకపోతే దాచి ఏం లాభం? మళ్లా రాసుకుందాంలే" అన్నారు, కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంటూ. ఆయన ధీమా నాకు లేదు. బెంగళూరు నుంచి వచ్చే పెద్దాయన మా పని చూసి, దాన్ని కొనసాగించాలో మూసేయాలో రాసిచ్చే మనిషి. నా చదువు ఆయన మాట మీద ఉంది.

ఆయన రావడానికి ముందు రెండు రోజులు మళ్లీ రాద్దామని కూర్చున్నాం. గాలిదుమారం లేచి కరెంటు పోయింది. ఒకరోజంతా రాలేదు. వచ్చేసరికి ఆయన కారు గేటు ముందు ఉంది.

తెల్లటి చొక్కా, సన్నటి మనిషి. మాట తక్కువ. బండను వేలితో తట్టి, ట్యూబులు వంగి చూసి, తల ఊపాడు. సారు గళ్ల పేజీ చూపించారు. కాగితం మీద తడిసి ఆరిన మరకలాంటిది కనిపించింది. ఇంకో పేజీ. అదీ అంతే. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇంత పేలవంగా ఉందేం?"

నేను ఏదో సాకు వెతుక్కుంటున్నాను. సారు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేశారు. "బాగానే వచ్చిందండి. చాలామందికి చూపించాం. కరిగిపోయింది."

"ఎవరికి చూపించారు?"

"చుట్టుపక్కలవాళ్లకి. ఇందులో ఒక చెరువు దాచాం. దాన్ని చూడాలని వచ్చారు."

పెద్దాయన మొహంలో కోపమో నవ్వో తెలియని కదలిక ఒకటి వచ్చింది. "సరే. నా ఎదుట మళ్లీ రాయండి. చూస్తాను" అన్నాడు.

సరిగ్గా ఆ మాట పూర్తయ్యేసరికి అరికాళ్ల కింద నేల అదరడం మొదలైంది. నాకు అర్థమైపోయింది. గుడ్డ తొలగించి చూస్తే గోడ అవతల బోరు బండి. పెద్దమ్మ చెవి కమ్మలు అమ్మి, చేను ఇంకో మూలన రెండో పాయింటు పెట్టించింది. నాలుగురోజులుగా చెబుతూనే ఉంది, బండి ఎప్పుడొస్తుందో తెలియదని. అది ఆ పొద్దే వచ్చింది.

పెద్దాయన సారు వైపు చూశాడు. "కాసేపు ఆపమని అడగకూడదా?"

"అడగలేనండి. నీళ్ల కోసం తవ్వుతున్నారు" అన్నారు సారు. అని, కుర్చీ జరిపి, "మీరు కూర్చోండి. భోజనానికి ఆపుతారు" అన్నారు. భోజనానికి ఆపినా వాళ్లు ఇంజను ఆపరని మా ఇద్దరికీ తెలుసు. నేను మంచినీళ్లు తెచ్చే నెపంతో బయటికొచ్చాను. కళ్లు తుడుచుకుంటుంటే గోడ మీదుగా పెద్దమ్మ చూసింది.

"ఏమైంది పాపా? ఎవురా కారాయన?"

చెప్పాలనుకోలేదు. కానీ ఆమె చూపుకు దాచలేకపోయాను. చెరువు కరిగిపోయిందనీ, మళ్లీ రాసి చూపించాలనీ, చూపించకపోతే ఇక మా పని ఇంతేననీ చెప్పాను. ఆపమని మాత్రం అడగలేదు.

ఆమె కొంగు నడుముకు దోపుకుని రిగ్గు వైపు నడిచింది.

ఆ పూట బయట ఏం జరిగిందో తర్వాత ఆమే చెప్పింది. రిగ్గు మేస్త్రీ దగ్గరికి పోయి, "అన్నం పొద్దయింది, రాండప్పా" అందట. ఇంకా పొద్దెక్కలేదు కదా అన్నాడట అతను. "మా ఇంట్లో పొద్దున్నే ఉడికింది. సంగటి సల్లారితే రాయయితాది. ఆ ఇంజన్ను కూడా ఆపు, దాని మోతకు మాటలు ఇనపడక ఎవురికి ఏం కావాల్నో తెలియదు" అందట. అతను నవ్వి ఆపేశాడు.

లోపల మేము నేల నిలిచిపోవడం తెలుసుకున్నాం. సారు నా వైపు చూశారు. నేను తల ఊపాను. లేచి, గళ్ల పేజీ పెట్టి, వెలుగు వదిలాం. పెద్దాయన కూడా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చెమట ఆయన చెంపల మీదుగా కారి తెల్లచొక్కా మీద పడుతోంది. ఆయనా తుడుచుకోలేదు. ఒక పేజీ అయింది. స్ఫటికం తిప్పి ఇంకొకటి. ఇంకొకటి. బయట సంగటి ముద్దలు అయిపోతే ఆమె ఊరుబిండి పచ్చడి వేసి మళ్లీ పెట్టిందట. అది అయితే మజ్జిగ. మజ్జిగ తాగి చేతులు కడుక్కోబోతుంటే, "వక్కాకు వేసుకోకుండా లేస్తారా" అని కూర్చోబెట్టిందట.

ఆఖరున సారు చెరువు ఫిల్ము చేతిలోకి తీసుకున్నారు. గళ్లు చాలు, పెద్దాయనకు కావలసింది అవే. ఇంజను ఏ క్షణాన మొదలవుతుందో తెలియదు. అయినా ఆయన దాన్ని కూడా పెట్టారు. నేను లోపల దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

అయ్యాక ముందు గళ్లు చూపించాం. పెద్దాయన జేబులోంచి భూతద్దం తీసి మూలమూలలూ చూశాడు. ఒక్క గడి కూడా తప్పు పోలేదు. తర్వాత చెరువు. నీళ్లు మరవ మీద దూకుతున్నాయి. ఆయన భూతద్దం దించేసి ఊరికే చూస్తూ నిలబడ్డాడు. "దీని కోసమేనా అందరూ వచ్చింది?" అన్నాడు.

"దీని కోసమే" అన్నారు సారు.

"అయితే మీకు మొదట పొయ్యి కావాలి" అన్నాడాయన. కారెక్కేముందు గోడ దగ్గరికి పోయి, పెద్దమ్మకు చేతులెత్తి నమస్కారం పెట్టాడు. ఆమెకు ఎందుకో అర్థం కాక, "అన్నం తింటావా సామీ?" అని అడిగింది.

ఆయన మంచి మాటే రాశాడు. పొయ్యి వచ్చింది. వేడిచేసి గట్టిపరిచిన పేజీలు చాలాకాలం నిలిచాయి. నా పరిశోధన పూర్తయింది. పెద్దమ్మ రెండో బోరులో ఆ పొద్దే తడి తగిలింది, మర్నాటికి నీళ్లు పడ్డాయి. ఎక్కువేం కాదు, ఒక మోటారుకు సగం పూట పారే నీళ్లు. శెనక్కాయ పోయింది గానీ, ఆ నీళ్లతో టమాటా వేసింది. ఒక బుట్ట మా గది గుమ్మం దగ్గర పెట్టి పోయింది. ఆ బోరు రెండు మూడేళ్లు పారి, ఎండిపోయింది. తర్వాత ఆమె కూతురి ఊరికి వెళ్లిపోయింది. ఆ చేను ఇప్పుడు ఇళ్ల స్థలాలు.

మేము కలలుగన్నట్టు స్ఫటికంలో దాచుకునే పెట్టెలేవీ బజారుకు రాలేదు. అంతలోనే వేలిగోరంత చిప్పుల్లో ఊహించనంత పట్టసాగింది. ఎక్కడెక్కడో ఇంకా ఆ పని మీద ఉన్నవాళ్లున్నారని చదువుతుంటాను. నేను గుంతకల్లులో డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయాను. ఆ గదిలో గడిపిన ఉక్కపోత మాత్రం ఇప్పుడు తలచుకుంటే చల్లగా ఉంటుంది. ముగ్గురు మనుషులు ఒకే పని కోసం ఊపిరి బిగబట్టి నిలబడడం ఆ తర్వాత నా బతుకులో మళ్లీ జరగలేదు.

సారు రిటైరై బుక్కరాయసముద్రంలోనే ఉన్నారు. మోకాళ్ల నొప్పులు తప్ప బాగానే ఉన్నారు. పోయిన సంవత్సరం నా విద్యార్థుల్ని కొందరిని ఆయనింటికి తీసుకుపోయాను. ముందుగా ఫోన్ చేస్తే, "పిల్లలకు ఏం చూపించాల?" అని ఒకటే కంగారు. మేము వెళ్లేసరికి పెరట్లో సిమెంటు తొట్టి దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నారు. తొట్టి నిండా తేటనీళ్లు.

ఒక అమ్మాయిని పిలిచి రెండు చేతుల్లో ఒక్కొక్క చిన్న రాయి పెట్టి, రెండూ ఒకేసారి వేయమన్నారు. రెండు పక్కల నుంచీ అలలు వచ్చి నడుమ కలుసుకున్నాయి. ఎండలో తొట్టి అడుగున వెలుగు చారలు అల్లుకున్నాయి.

"అదో, ఆ చారలు చూడండి. దాంట్లో ఎడమపక్క రాయి కథ ఉండాది, కుడిపక్క రాయి కథ ఉండాది. చూసినారా?"

"అది నిలవలేదు కదా సార్" అన్నాడు ఒక అబ్బాయి.

"అదేనప్పా! దాన్ని నిలబెట్టేదే మా పని" అన్నారు సారు, గొంతు పెద్దది చేసి, రెండు చేతులూ చాచి. పిల్లలంతా తొట్టి చుట్టూ మూగి ఇంకో రాయి, ఇంకో రాయి అంటూ వేయసాగారు. నీళ్లు అంచు దాటి సారు పంచె తడిపేస్తున్నాయి.

వంటింట్లోంచి సారు భార్య గట్టిగా కేకేసింది. "ఏమప్పా, కొళాయి మళ్లా ఎల్లుండికే వస్తాది. గిన్నెలకు పెట్టుకున్న నీళ్లవి!"

"ఒక్క నిమిషం ఉండు. అలలు కలుసుకోనీ" అన్నారు సారు.